వదిన అడగబోయిన ప్రశ్న

యంత్రాల డ్రాయింగులు నేర్పే మాస్టారికి ఆ ఉదయం కాలు ఒకచోట నిలవలేదు. సముద్రం అవతలి కంపెనీ ఒకటి ఇటువైపు ఆఫీసు పెట్టాలనుకుంటోంది. పనొచ్చినవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువా, పక్క ఊళ్లోనా అని తేల్చుకోవడానికి ఇద్దరిని పంపింది. మాస్టారి దగ్గర నేర్చుకున్న ఇరవై మందికి పరీక్ష. నెగ్గితే ఆఫీసు ఇక్కడే, ఇరవై మందికీ ఉద్యోగాలు. అందులో ఆయన వదిన కూడా ఉంది. అన్న లేత్ షాపు మూతపడ్డాక ఆ ఇంటికి ఈ ఉద్యోగమే దిక్కు.

మాస్టారు మంచి పనిమంతులే గానీ, ఎవరైనా ప్రశ్న అడిగితే ఒళ్లుమంట. "కాగితం మీద ఏముందో అదే గీయండి. అడిగాడంటే వాడికి పని రాదన్నమాటే" అని మూడేళ్లుగా నూరిపోశారు.

అందరికీ ఒకే పంపు బొమ్మ ఇచ్చి కంప్యూటర్లో గీయమన్నారు. పావుగంట గడిచిందో లేదో, వదిన చెయ్యెత్తింది. వచ్చినవాళ్లు ఆమె దగ్గరికి వెళ్లేలోగా మాస్టారు ఆమె వైపు కళ్లురిమారు. పాపం, ఆమె చెయ్యి దించేసి తలొంచుకుని గీసుకుంది. ఇరవై బొమ్మలూ కడిగిన ముత్యాల్లా వచ్చాయి. మాస్టారు ఛాతీ విరుచుకుని తిరిగారు.

వారానికి ఉత్తరం వచ్చింది. ఆఫీసు పక్క ఊరికి పోయింది. కింద కారణం కూడా రాశారు: "మేమిచ్చిన బొమ్మలో ఇరుసు, అది దూరాల్సిన కన్నం కన్నా లావు. కావాలనే అలా ఇచ్చాం. ఎవరు ఆగి అడుగుతారో చూద్దామనుకున్నాం. ఒకామె అడగబోయారు. మీరు అడగనివ్వలేదు."

మాస్టారు నాలుగుసార్లు చదువుకున్నారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. క్లాసులో మాత్రం మొదటి రెండు ముక్కలు చదివి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మధ్యలో చెయ్యెత్తితే ఏమనుకుంటారు మరి?" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. "వీళ్లకి పని రాదనుకోరూ?"

అందరూ వదిన వైపు తిరిగారు. ఇప్పుడైనా నోరు విప్పొచ్చు కదా ఆ మహానుభావుడు! విప్పబోయారు కూడా. కానీ చెబితే ఈ పిల్లల ముందు మళ్లీ తలెత్తుకుని పాఠం ఎలా చెప్పాలి? జేబులోని ఉత్తరాన్ని ఇంకాస్త లోపలికి తోశారు.

వదిన లేచి నిలబడింది. "నావల్లే పోయింది మాస్టారూ. ఇరుసు పట్టదేమో అనిపించి ఆగలేకపోయాను. అందరి నోటి దగ్గర కూడు పడగొట్టాను. క్షమించండి."

ఇరుసు సంగతి ఆమె అన్నది అక్షరాలా నిజం. ఇరుసు పట్టదు. ఆ ఒక్క మాట ఆయన అంటే చాలు.

"ఫరవాలేదులే వదినా," అన్నారు మాస్టారు. "ఇంకెప్పుడూ అలా చెయ్యకు."

ఎంత మంచి మనసో అన్నట్టు ఆమె ఆయన వైపు చూసి, తలూపి కూర్చుంది. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం మాస్టారికి ఇవాళ్టిదాకా రాలేదు.