ఆఖరి పదహారు పేజీలు

పొద్దున్నే జిగురు కాచడం తండ్రి పని, పుస్తకాలు కుట్టడం కూతురి పని, కట్టిన పుస్తకాలను బండిమీద లైబ్రరీకి లాగడం చలిగాడి పని. చలిగాడు మంచుబండి లాగే కుక్క. నిరుడు కుట్లు ఊడి బైండింగుకొచ్చిన ఒక సాహస నవల్లోంచి దిగాడు. వాడు పక్కనుంచి పోతే చల్లగాలి కొడుతుంది కనక వీధిలోవాళ్లు మంచినీళ్ల కుండలు గుమ్మం దగ్గరికి జరుపుకునేవాళ్లు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ నవల్లో కుక్క చివరికి మనుషుల్ని వదిలేసి అడవిలో కలిసిపోతుంది. అందుకే తండ్రి ఆఖరి పదహారు పేజీలు కుట్టకుండా అటకమీద దాచాడు. అవి కుడితే చలిగాడు పోతాడు. మరి బండి ఎవరు లాగుతారు? లైబ్రేరియనమ్మ అడిగినప్పుడల్లా "వచ్చేవారం" అని తప్పించుకునేవాడు. కూతురికి అడవి కాపలా ఉద్యోగం వచ్చినప్పుడూ అదే మాట అన్నాడు.

చివరికి ఒకరోజు లైబ్రేరియనమ్మ వచ్చి గుమ్మంలో బైఠాయించింది.

"కుక్క ఏమైందో చెప్పమని సగం చదివి ఆగిపోయినవాళ్లంతా నా ప్రాణం తీస్తున్నారయ్యా! మధ్యాహ్నానికి పుస్తకం నా బల్లమీద లేకపోతే నీకింక పనివ్వను," అనేసి వెళ్లిపోయింది.

"నాన్నా, నేనూ ఇవాళే చేరాలి. సాయంత్రం దాటితే ఆ ఉద్యోగం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు," అంది కూతురు.

"నువ్వెళ్తే కుట్టేదెవరే? ఆ మాట మర్చిపో. ముందు ఇది కానియ్."

ఆమె కోపమంతా దారంమీద చూపిస్తూ ఆ పదహారు పేజీలూ కుట్టేసింది. తండ్రి జిగురు పూశాడు. జిగురు పచ్చిగా ఉన్నంతసేపూ కథ అతకదని అతని లెక్క. ఆలోపు చలిగాడిచేత ఇంకొక్క బండెడు పుస్తకాలు లాగించేద్దామనుకున్నాడు. ఆశకు అంతెక్కడ! కూతుర్ని పనిలోంచి లేచింది లేచినట్టే బండెక్కించి, నవల ఆమె ఒళ్లో పెట్టి, తను వెనక నడిచాడు.

లెక్కలో ఎండను మర్చిపోయాడు పాపం. బజారు మలుపు తిరిగేసరికి జిగురు ఎండిపోయింది. చలిగాడు ఆగాడు. మెడమీద బొచ్చు నిక్కబొడుచుకుంది. ఒక్క ఊళ వేశాడు చూడండి, బజారంతా నోరు మూసుకుంది. మరుక్షణం బండి దూసుకుపోయింది!

అబ్బ, ఏం పరుగు! పుస్తకాలు టపటపా రాలుతున్నాయి. పళ్లు అమ్మేవాడు గంప వదిలేసి అరుగెక్కాడు. లైబ్రరీ ఇలా వచ్చి అలా పోయింది. మెట్లమీద నిలబడ్డ లైబ్రేరియనమ్మ వైపు కూతురు నవలని విసిరితే, ఆవిడ చంటిపిల్లని అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంది.

"పగ్గం కొయ్యవే! నడుముకి కత్తి ఉందిగా, కొయ్యి తల్లీ!" వెనకనుంచి తండ్రి అరుస్తున్నాడు.

కత్తి ఉంది. అట్టలు కోసే కత్తి, మంచి పదునుమీద ఉంది. ఆమె పిడిమీద చెయ్యి వేసింది. ఎదురుగా ఇళ్లు పలచబడుతున్నాయి, చెట్లు దగ్గరవుతున్నాయి. ఆమె కత్తి వదిలేసి, పగ్గం రెండు చేతులా పట్టుకుంది.

"ఇంకా! ఇంకా పరిగెత్తరా!" అని అరిచింది. బుద్ధెరిగాక ఆమె అంత గట్టిగా అరవడం అదే మొదలు.

అడవి ఆఫీసు గేటు దగ్గర రోడ్డు అయిపోయి బండి ఆగింది. ఆమె దిగి పగ్గం విప్పింది. చలిగాడు ఆమె చెయ్యి ఒకసారి వాసన చూసి, చెట్లలోకి పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమెకి ఏడుపొచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది.

చాలాసేపటికి తండ్రి రొప్పుకుంటూ వచ్చాడు. ఇంటికి పద అనబోయాడుగాని ఊపిరి అందలేదు. ఆ ఆయాసంలోనే కూతురి మొహం చూశాడు. ఆ మొహంలో అంత సంతోషం అతను ఎన్నడూ చూడలేదు. తర్వాత ఆమె కాళ్లు చూశాడు.

"ఉద్యోగంలో చేరేది చెప్పుల్లేకుండానా?" అన్నాడు. తన చెప్పులు విడిచి ఆమె ముందుకు తోశాడు.

అవి ఆమెకి పెద్దవి. ఈడ్చుకుంటూనే గబగబా లోపలికి వెళ్లింది. అతను కాసేపు గేటు వైపు చూసి, పగ్గం తన భుజానికి తగిలించుకున్నాడు. ఖాళీ బండి లాక్కుంటూ వట్టికాళ్లతో ఇంటిదారి పట్టాడు.