మోతీ టాకీస్ ఉయ్యాలలు

రాత్రి రిసెప్షన్ తాలూకు చెమ్కీ ముక్కలు చీపురుకు ఒక పట్టాన రావు. జంపక్క ఒంగి గోటితో గీకుతూ, ఊడుస్తూ ఫంక్షన్ హాలు స్టేజీ దాకా వచ్చి, నడుం పట్టుకుని నిలబడింది. ఇప్పుడు పెళ్ళికొడుకు సోఫా వేసే చోటే ఒకప్పుడు మోతీ టాకీస్ తెర ఉండేది. తెర ముందు నేల క్లాసు, ఇసుక, బీడీ పొగ, గోలీసోడా చప్పుళ్ళు. ఎండాకాలమైతే జనం ఒంటి మీద నుంచి ఇప్పపూల వాసన. ఆడవాళ్ళ వైపు నడుమెత్తు గోడ, దాన్నానుకుని రేకుల వరండా. ఆ వరండా జంపక్కది.

దాని ఇనప దూలానికి కొక్కేలుండేవి. గూడేల నుంచి, తండాల నుంచి చంటిపిల్లలతో వచ్చే తల్లులు వెంట ఒక పాత చీర తెచ్చుకునేవారు. జంపక్క టికెట్ చింపి, ఆ చీరతోనే ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, తల్లిని లోపలికి తోసేది. చేతికో ఉయ్యాల తాడు, కాలి బొటనవేలికో తాడు. బిడ్డ ఊరుకోకపోతే, తెర మీద హీరో ఏడుస్తున్నాడో ఎగురుతున్నాడో చూడకుండా తలుపు తీసి అరిచేది: "ఓ చెరువు గూడెం లచ్చమ్మా! నీ పిల్లకు పాలు!" హాలంతా నవ్వేది. ఆట వదిలాక చీర గుర్తు చూసి, తల్లి ముఖం చూసి, బిడ్డను తనే చేతికిచ్చేది. ఉయ్యాల్లో ఇంకెవరూ చేయి పెట్టకూడదు. అది ఆమె పెట్టిన కట్టుబాటు.

ఇవాళ ఊళ్ళో మీసాలు మెలేసే వాళ్ళలో సగం మంది ఆమె ఉయ్యాలలు తడిపినవాళ్ళే. అయినా ఊరు గుర్తు పెట్టుకున్నది ఒక్క రాత్రినే.

"గదిగో, నన్ను మార్చిన జంపక్క!"

ఫంక్షన్ హాలు మేనేజరు శివకుమార్ గొంతు. పగటి పెళ్ళివాళ్ళను వెంటబెట్టుకుని హాలు చూపిస్తున్నాడు. చెడ్డవాడు కాదు. జంపక్కకు ఈ పని ఇప్పించిందీ అతనే. కానీ కొత్త ముఖం కనబడితే ఆ కథ చెప్పకుండా ఉండలేడు.

"గిక్కడ టాకీస్ ఉండె. సినిమా అయినంక ఈమె మా అమ్మ చేతిల తండా రూప్‌సింగ్ కొడుకును పెట్టింది. నేను తండాకు పోయిన! తెల్లారి మల్ల మార్చుకున్నరంట. మార్చుకున్నరో లేదో జంపక్కకే తెల్వాలె!"

అందరూ నవ్వారు. "ఏమవ్వా, గట్లెట్ల మార్చినవ్?" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ.

"నేన్ మార్చలే."

"మరి హీరో మార్చిండా?"

మళ్ళీ నవ్వులు. జంపక్క చీపురు విసిరికొట్టింది. "ఇయ్యాల మీ అమ్మనే అడుగుత, ఉండు!" అనేసి బయటికి నడిచింది.

అసలు శివకుమార్ తండాకు పోనేలేదు. ఆ రోజు మొదటి ఆట చివర్లో కరెంటు పోయింది. రోడ్డు మీద తల్లాడ ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. జంపక్క కందిలి వెలిగించే లోపే శివకుమార్ తల్లి భవాని చీకట్లో ఉయ్యాల్లో చేయి పెట్టి, దొరికిన బిడ్డను భుజాన వేసుకుని పరుగెత్తింది. మిగిలిన బిడ్డను చూసి రూప్‌సింగ్ భార్య గుండెలు బాదుకుంది. భవాని ఎక్కిన బస్సు అప్పటికే పోయింది. జంపక్కా, రూప్‌సింగ్ భార్యా తెల్లవార్లూ వరండాలో కూర్చున్నారు. ఆకలికి ఏడ్చిన శివకుమార్‌కు ఆ తల్లే పాలిచ్చింది. పొద్దున్నే భవాని, భర్తతో కలిసి బిడ్డను తెచ్చింది. భర్త అందరి ముందూ చేయెత్తగానే, "జంపక్కనే ఇచ్చింది" అంది. కాదని రూప్‌సింగ్ భార్య ఎంత మొత్తుకున్నా తండా మనిషి మాట ఎవరు విన్నారు? టాకీస్ యజమాని అహ్మద్ పాషా ఆ పూటే జంపక్కను పని మాన్పించాడు, కొక్కేలు పీకించాడు. తరువాత కొన్నేళ్ళకు టాకీసే పోయింది. నింద మాత్రం పోలేదు.

కొడుకుతో తల్లాడ వదిలి వచ్చాక భవాని ఇల్లు హాలు వెనక వీధిలోనే. కిడ్నీలు పాడై, ఖమ్మం దవాఖానాలో ఇంక లాభం లేదంటే ఇంటికి తెచ్చారు. మంచంలో ఎండిన మిరపతొడిమలా ఉంది.

"భవానమ్మా, నీ కొడుకు నలుగురిల నన్ను నవ్వులపాలు చేస్తుండు. నువ్వన్న చెప్పరాదు?"

"ఇంకా చెప్తుండా వాడు?"

"పెండ్లి పెండ్లికి చెప్తుండు. లడ్డూలు పంచినట్టు."

భవాని పెదవులు కదిలాయి. "నీ ఉయ్యాల్ల పిల్లగాన్ని ఏసి గా ఒక్క సినిమనే తాపీగ చూసిన అక్కా. మల్ల ఎన్నడు చూడలే."

"నేనడిగేది సినిమా ముచ్చట కాదు."

"ఎరికే. నేనే తీసుకపోయిన. మా ఆయన దెబ్బలకు భయపడి నీ మీద చెప్పిన. ఆయన పోయినంక చెప్దామనుకున్న. అప్పటికే నవ్వులాటైపాయె. నవ్వుకుంటున్నరు గదా, ఏంబోయింది అనుకున్న."

"పోయింది నాది," అంది జంపక్క. ఎన్నేళ్ళుగానో దాచుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. అది ఇంకా చిరాకు పెట్టింది.

"శివకు ఫోన్ చెయ్యి. వాని ముందల చెప్త."

చేసింది. "అన్నాల బంతి మీద జనం ఉన్నరు జంపక్కా. అమ్మకు ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. నీతోని మాట్లాడాలంటంది. జల్దీ రా."

"గంతేనా? బంతి లేవంగనే వస్త."

జంపక్క మంచం పక్కన చతికిలబడి భవాని పాదాలు ఒత్తసాగింది. హాలు మైకులో పాట మారింది, మళ్ళీ మారింది. "నేనే తీసుకపోయిన అంటవ్ గదా?" అని గుచ్చి అడిగింది.

"అంట."

"తప్పకుంట?"

భవాని తల ఊపి, గురకలోకి జారింది. ఎండ గుమ్మం దాటి మంచం కోడు దాకా వచ్చింది. జంపక్కకు కునుకు పట్టింది. భవాని గొంతులోని గురక ఆగిన సంగతి, మైకు ఆగినప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.

"అమ్మా, డబల్‌కా మీఠా తెచ్చిన!" అంటూ వచ్చాడు శివకుమార్. చేతిలోది గడప పక్కన దించి, లోపలికి చూసి, అట్లాగే కూలబడ్డాడు. ఏడుపు విని ఇరుగుపొరుగు చేరారు. కాసేపటికి అతను జంపక్క చెయ్యి పట్టుకున్నాడు.

"పోయేముందు ఏమన్న చెప్పిందా జంపక్కా? నన్ను అడిగిందా?"

"చెప్పింది. గారోజు చీకట్ల తనే తీసుకపోయిన అన్నది. నేను మార్చలేదు శివా."

పక్కింటి సుబ్బరత్నం ముక్కు మీద వేలేసుకుంది. "పీనుగ ముందల గూడ గదే లొల్లా ముసల్దానా!"

శివకుమార్ ఆమె చెయ్యి మెల్లగా వదిలేశాడు. "అవ్ జంపక్కా, గట్లనే. నువ్వు మార్చలే," అన్నాడు, పసిపిల్లను ఊరుకోబెట్టే గొంతుతో. ఆ గొంతు జంపక్కకు బాగా తెలుసు. ఇంకేం మాట్లాడినా ఆ గొంతే బదులిస్తుందని కూడా తెలుసు. లేచి, భవాని కాలి మీద చీర సర్ది, ఎవరి ముఖమూ చూడకుండా వీధిలోకి నడిచింది.

గడప పక్కన శివకుమార్ దించిన స్టీలు కారేజీ అట్లాగే ఉంది. పై గిన్నె మూత ఓరగా జరిగి, లోపలి మీఠా ఆవిరికి మూత అంచు చెమర్చి, ఒక్కో బొట్టూ గడప మీదికి జారుతోంది.