మాటలు మోసినవాడు

"వేడినీళ్లు పెట్టానని చెప్పండి," అంది భార్య, పొయ్యి మీంచి తల తిప్పకుండానే.

అతను తువ్వాలు భుజాన వేసుకుని ముందుగదిలోకి వెళ్లాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న అక్కకి ఆ కబురు చెప్పాడు. ఇవాళ ఒళ్లు తుడిపించుకునే ఓపిక కూడా లేదనీ, గ్యాసు తగలేయొద్దని చెప్పమనీ అందామె. అతను వంటింట్లోకి తిరిగొచ్చి, "కాసేపాగి చేస్తుందట. నీకు శ్రమ ఎందుకంటోంది," అన్నాడు.

ఆ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందుగదిలో అక్క, ఆ చివర వంటింట్లో భార్య, మధ్యగదిలో అతను. ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుని ఇరవయ్యేళ్లు దాటింది. అక్క మంచాన పడ్డాక పాలూ మందులూ భార్యే ఇస్తోంది. గ్లాసు స్టూలు మీద చప్పుడయ్యేలా పెడుతుంది. అదే పిలుపు. అక్క కళ్లు తెరిచేసరికి ఆమె గుమ్మం దాటి ఉంటుంది.

అతను కోర్టులో లిఫ్టు నడుపుతాడు. ఇనపజాలీ తలుపు ఈడ్చి ఈడ్చి కుడిభుజం కాస్త కిందికి దిగింది. అరిచెయ్యి కాయ కట్టింది. ఆ ఇరుకుపెట్టెలో వాదీ ప్రతివాదీ కలిసి ఎక్కాల్సి వచ్చినప్పుడు, ఒకరు కప్పుకేసీ ఒకరు నేలకేసీ చూస్తారు. అతను మాత్రం ఊరుకోడు. మోకాళ్ల నొప్పుల గురించో, ఎండల గురించో ఏదో ఒకటి కదుపుతాడు. ఒకసారి పొలం కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములు అతని మాటలకి నవ్వుకుంటూ దిగడం, పై అంతస్తులో రాజీకేంద్రం నడిపే రిటైరైన జడ్జిగారి కంట పడింది. మధ్యవర్తుల శిక్షణలో చేరమందావిడ. తనకంత చదువు లేదంటే, ముందు వినడం వస్తే చాలంది.

ఆ సంగతి ఇంట్లో రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది, ముందుగదిలో ఒకసారి, వంటింట్లో ఒకసారి. అక్క అతని చెయ్యి పట్టుకుని ఊపింది. భార్య అతని చొక్కా కాలరు సరిచేసింది.

వేడినీళ్ల కబురు మోసిన ఆ రోజే మధ్యాహ్నం, శిక్షణ కోసం లిఫ్టు వేరేవాళ్లకి అప్పగించి పైకి వెళ్లాడు. ఫోను నోరు నొక్కి సంచిలో పడేశాడు. ఉత్తుత్తి తగవు ఒకటి తీర్చాలి. శిక్షణకొచ్చినవాళ్లలో ఒక మందుల షాపాయనది అన్న వేషం, ఒక టీచరమ్మది చెల్లెలి వేషం, తగవు తండ్రి ఇంటి గురించి. ఇద్దరూ చెరో గదిలో కూర్చున్నారు. మధ్యవర్తి అటూ ఇటూ తిరుగుతూ మాటలు చేరవేయాలి. ఇది తనకి వెన్నతో పెట్టిన విద్యే అనుకున్నాడతను.

నాన్న చావుబతుకుల్లో ఉన్నప్పుడు నువ్వు రాలేదు, అది నేను మర్చిపోలేనని చెప్పమన్నాడు అన్న. అతను పక్కగదిలోకి వెళ్లి, "మీ అన్నయ్య కాస్త నొచ్చుకున్నారమ్మా, అంతే," అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న జడ్జిగారు చెయ్యెత్తింది.

"ఆయన అన్నది అది కాదు కదండీ."

"గొడవ పెరుగుతుందని కాస్త తగ్గించానమ్మా."

"తగ్గించారు సరే. అసలు మాట చేరకపోతే ఈవిడ దేనికి జవాబు చెప్పాలి?"

అందరితోపాటు అతనూ నవ్వాడు. మళ్లీ మొదలుపెట్టమంటే మాత్రం పక్కకి తప్పుకున్నాడు. మంచినీళ్లు తాగి, కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

అమ్మ పోయాక అతన్ని సాకింది అక్కే. వచ్చిన సంబంధాలన్నీ తమ్ముడు చేతికందాక చూద్దామంటూ వెనక్కి పంపింది. చివరికి రావడం మానేశాయి. అతని పెళ్లయింది, ఆడపిల్ల పుట్టింది. అక్కా భార్యా ఆ పిల్లని ఒక చంకలోంచి ఒక చంకలోకి మార్చుకుంటూ అక్కచెల్లెళ్లలాగే ఉండేవాళ్లు. పిల్లకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. ఒక పొద్దున ఒళ్లు కాలిపోతోందని భార్య ఆసుపత్రికి బయల్దేరితే, పిల్లలకి జ్వరాలు మామూలే, సాయంత్రం దాకా చూద్దామంది అక్క. సాయంత్రానికి చెయ్యి దాటిపోయింది. భార్య ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ రోజునుంచి వదినతో మాట్లాడలేదు, అంతే. మళ్లీ పిల్లలు పుట్టలేదు.

తర్వాత కొద్దిరోజులకి అక్క అతన్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. "నా మాట వల్లే పిల్ల పోయిందిరా. తనతో చెప్పు. తన ముఖం చూసి క్షమించమని అడగలేను. నువ్వే చెప్పు." అతను సరేనని వంటింట్లోకి వెళ్లాడు. ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చున్న భార్య ముఖం చూశాడు. "అక్క నిన్ను అన్నం తినమంటోంది," అన్నాడు.

కాస్త కుదుటపడ్డాక చెబుదామనుకున్నాడు. కుదుటపడ్డాక, ఇక ఇప్పుడు కెలకడం ఎందుకులే అనుకున్నాడు. ఏమందని అక్క అడిగితే, ఏమీ అనలేదని చెప్పాడు. అది అబద్ధం కూడా కాదు.

క్లాసు అయ్యేదాకా ఆగలేకపోయాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి, సంచి తీసుకుని మెట్లు దిగాడు. ఇవాళ చెప్పేయాలి. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, అక్క అన్న ముక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టు లోపల్లోపలే అనుకుంటూ వచ్చాడు. పక్కనున్న మనిషి అతని పెదాలకేసి వింతగా చూశాడు.

ఇంటిముందు చెప్పులున్నాయి. మెట్టు మీద కూర్చున్న పక్కింటావిడ అతన్ని చూసి లేచి, పక్కకి తప్పుకుంది.

ముందుగదిలో భార్య మంచం మీదే కూర్చుని ఉంది. అక్క తల ఆమె ఒడిలో ఉంది. నున్నగా దువ్వి, సన్నటి జడ అల్లి, భుజం మీంచి ముందుకి వేసి ఉంది. కళ్లు మూసి ఉన్నాయి.

"ఫోను చేశాను," అంది భార్య. "మీరు ఎత్తలేదు."

అతను గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు.

"మధ్యాహ్నం గొంతెత్తి పిలిచింది. మొదట అలవాటుకొద్దీ మిమ్మల్నే పిలుస్తోందనుకున్నాను, తీరా వింటే నా పేరే. తల దువ్వమంది. దువ్వినంతసేపూ మాట్లాడుతూనే ఉంది. జడ అల్లడం అయ్యేసరికి మాట ఆగింది." కొంగుతో అక్క నుదురు అద్దింది. "పిల్ల పోయినప్పుడే మీతో కబురు పంపిందట కదా."

"ఇవాళ చెబుదామనే వస్తున్నానే," అన్నాడతను. తన గొంతు తనకే వేరేవాళ్లదిలా వినిపించింది.

ఆమె అతన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది అతనికి.

"ఆ మాట కోసం నేను వంటింట్లో ఎదురుచూశాను. జవాబు కోసం తను ఇక్కడ ఎదురుచూసిందట. పొద్దుటా సాయంత్రం మీరు మా మధ్య తిరుగుతూనే ఉన్నారు."

అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వేం జవాబిచ్చావు?" అని అడిగాడు.

"తనకి చెప్పాను," అంది భార్య. "మీకు అక్కర్లేదు."

చుట్టాలు రావడం మొదలైంది. భార్య లేచి అక్క తల నెమ్మదిగా దిండు మీదకి చేర్చి, దుప్పటి సర్ది, వాళ్లకి ఎదురువెళ్లింది. అతను ఒక్కడే మంచం పక్కన మిగిలాడు. కిటికీ గట్టు మీద భార్య దువ్వెన ఉంది. దాని పళ్ల మధ్య పొడుగాటి తెల్ల వెంట్రుకలూ ఒకటో రెండో నల్లవీ కలిసి చిక్కుపడి, గాలికి కొద్దికొద్దిగా కదులుతున్నాయి.