పొట్టు తాగిన కరెంటు

గ్రేటర్ నోయిడాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కిరణ్మయి ఎంటెక్ చదువుతోంది. ఆమె ప్రాజెక్టు వినడానికి చిన్నదే. వడ్రంగులు పారేసే రంపపు పొట్టును మిల్లులో మెత్తటి పిండిలా ఆడిస్తే కిలోకి ఎంత కరెంటు ఖర్చవుతుందో తేల్చాలి. రెండువేల ఆరు ఏప్రిల్‌లో లెక్కలు బుద్ధిగా వచ్చాయి. మే వచ్చేసరికి అదే పొట్టు, అదే జల్లెడ, అదే మిల్లు. కరెంటు మాత్రం దాదాపు రెట్టింపు తాగసాగింది.

గైడ్ రామమూర్తిగారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఏమ్మా, మిల్లుకి దెయ్యం పట్టిందా? శుక్రవారంలోగా ఇది తేలకపోతే నేను సంతకం పెట్టను. ఇంకో ఆర్నెల్లు ఇక్కడే ఉందువుగాని" అన్నారు. అన్నంత పనీ చేసే మనిషాయన.

కిరణ్మయి బెల్టు మార్పించింది. మీటరును అనుమానించింది, చివరికి తననే అనుమానించుకుంది. పొట్టులో తేమ మాత్రం మళ్లీ కొలవలేదు. గోనెలు వచ్చిన రోజే కొలిచింది కదా! ఢిల్లీ ఎండల్లో తేమ పెరుగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

బుధవారం నిద్ర పట్టక ఎనిమిదింటికే ల్యాబుకు వచ్చింది. అటెండరు వీరరాఘవులు, శ్రీకాకుళం వైపు మనిషి, గోనెల మూతులు విప్పి మగ్గుతో నీళ్లు చల్లుతున్నాడు.

"రాఘవులుగారూ, ఏం చేస్తున్నారు?"

"ఎండలు ముదిరాయి కదమ్మా, గోనె కదిపితే సాలు దుమ్ము లేచిపోతంది. మీరు తెగ దగ్గుతన్నారని ఈ నెలంతా రోజూ గోనెకి రెండు మగ్గులు సల్లుతున్నాను. ఏటమ్మా, తప్పా?"

ఆమెకు కోపం రాలేదు. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తను వచ్చే పదింటికల్లా పైపొట్టు ఆరిపోయేది. లోపలి తడి మిల్లును పీడించేది.

ఇద్దరూ కలిసి ఒక గోనె పొట్టును డాబా మీద పరిచారు. సాయంత్రానికి గలగల్లాడేలా ఎండింది. ఆడిస్తే ఏప్రిల్ లెక్కే వచ్చింది. నమ్మలేక మూడుసార్లు ఆడించింది. మూడుసార్లూ అదే. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

మర్నాడు రామమూర్తిగారు రెండు వరుసల అంకెలూ చూసి, "నీళ్లెన్ని పోశాడన్నావు?" అని అడిగారు.

"రెండు మగ్గులండి, ఒక్క సుక్క ఎక్కువ లేదు" అన్నాడు వీరరాఘవులు గుమ్మంలోంచి, భయపడుతూనే.

"అచ్ఛా! అంటే తడి పొట్టు ఎంత తాగుతుందో కూడా తేలిపోయింది. ఈ పని నేను నీకు చెప్పనేలేదు" అంటూ ఆయన పెన్ను మూత తీశారు.

మూడు వారాలుగా కంచం ముందు కూర్చుని లేచిపోతున్న పిల్ల, ఆ పూట హాస్టల్ మెస్సులో నాలుగు పరాఠాలు తిని ఐదోది అడిగింది.