మొదటి బిందె మంచినీళ్లు

నేను ఒక మట్టిని. అలాగని మీ పెరట్లో చెప్పులకు అంటుకునే మట్టిననుకునేరు. పుస్తకాల్లో నన్ను సోడియం బెంటోనైట్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు నన్ను ఒక్కసారైనా చేత్తో పిసికి ఉండరని నా అనుమానం. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన బూడిదను నేను. కచ్ఛ్ ప్రాంతంలో నేల పొరల మధ్య హాయిగా పడుకుని ఉంటే మనుషులు తవ్వి తీశారు, ఎండబెట్టారు, మరలో పోసి పిండి చేశారు, బస్తాలో కుక్కి మూతి కుట్టారు. నన్ను అడిగి చేసిందేమీ లేదు.

నాకు వచ్చిన విద్య ఒక్కటే. నీళ్లు తాగి ఉబ్బుతాను. గుప్పెడు పిండి గిన్నెడు ముద్దవుతుంది. అలా ఉబ్బాక నన్ను దాటి నీళ్లు కిందికి దిగడం కష్టం. ఈ విద్య చూసే మావాళ్లను ఎక్కడెక్కడికో పంపారు. ఇనుము పోతపోసే చోట ఇసుక అచ్చు విడిపోకుండా పట్టుకునేది మావాళ్లే. ఊరి చెత్తగుట్టల మురుగు భూమిలోకి ఇంకకుండా అడుగున పరుచుకునేదీ మావాళ్లే. ఇంకొందరిని పట్నాల్లో పెంపుడు పిల్లుల మరుగుదొడ్లలో పోస్తారట. ఆ ఉద్యోగం గురించి మాలో మేం మాట్లాడుకోం.

నా బస్తా లారీ ఎక్కి కృష్ణా జిల్లా తీరానికి వచ్చింది. అక్కడ ఉప్పుటేరు మీద వంతెన కడుతున్నారు. స్తంభాల కోసం గొయ్యి తవ్వితే పక్కనున్న ఇసుక జారి పూడిపోతుంది. మమ్మల్ని నీళ్లలో కలిపి గోతిలో నింపితే ఆ గోడలు నిలబడతాయి. కాంక్రీటు పోస్తున్నకొద్దీ మమ్మల్ని పైకి తోడేస్తారు. వంతెన మీద హారన్ కొట్టుకుంటూ పోయేవాళ్లకు ఈ సంగతేమీ తెలియదు. నా వంతు రాకముందే స్తంభాల పని అయిపోయింది. బస్తాలు గుట్టలుగా మిగిలిపోయాం.

వంతెన పక్కనే సంకుతిప్ప అనే చిన్న పల్లె ఉంది. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదు. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. ఆడవాళ్లు పడవ మీద ఏరు దాటి, అవతలి కాలువ నుంచి బిందెలతో మంచినీళ్లు తెచ్చుకుంటారు. వేసవిలో కాలువ కట్టేస్తే ఇంకా దూరం పోవాలి. ఈ బాధ పడలేక ఊరంతా కలిసి ఒక గుంట తవ్వుకున్నారు, కాలువ నుంచి గొట్టం కూడా వేయించుకున్నారు. కానీ అది ఇసుక నేల. కిందటేడు నింపిన నీళ్లు ఎండలు ముదరకముందే ఇంకిపోయాయి. వంతెన ఇంజనీరు ఫణికుమార్ గారు అది చూసి, మిగిలిన బస్తాలను ఊరికి ఇచ్చేశారు. మట్టితో కలిపి అడుగున పరిచి, గట్టిగా తొక్కి, పైన ఇంకో పొర మట్టి కప్పి, మెల్లగా తడపమన్నారు. ఏ నీళ్లతోనో చెప్పలేదు. వంతెన దగ్గరికి ట్యాంకరులో మంచినీళ్లే వచ్చేవి కాబట్టి ఆయనకు ఆ ఆలోచన రాలేదు.

ఇక్కడ మీకు నాంచారమ్మ గురించి చెప్పాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె పడవ మీద నీళ్లు తెస్తూనే ఉంది. ఇప్పుడు మోకాళ్లు అరిగి, కాలువ గట్టెక్కాలంటే చేతులు కూడా ఆనించాల్సి వస్తోంది. గుంట నిలిస్తే ఆ పడవ ఎక్కే పని తప్పుతుందని ఆమె ఆశ. మంచినీళ్ల విషయంలో ఆమె మహా గట్టిది. ఆ ఊరంతా అంతే. మంచినీళ్లు నేల మీద పోయరు. స్నానానికి, అంట్లకు, చేతులు కడగడానికి అన్నిటికీ ఉప్పునీళ్లే. చుట్టం గ్లాసులో సగం వదిలితే ఆ సగం ఎవరో ఒకరు తాగాల్సిందే. ఇలాంటివాళ్లు మట్టిని మంచినీళ్లతో తడుపుతారా?

ముందు ఒక మూల పని మొదలుపెట్టారు. నా బస్తాలో సగం అక్కడ పోశారు. నాంచారమ్మ మరిది వడ్డికాసులు ఇంజను తిప్పి బోరునీళ్లు పెట్టాడు. ఉప్పునీళ్లలో నా విద్య పనిచేయదు. నోరుంటే అరిచి చెప్పేదాన్ని. ఆ మూల చిన్న కట్ట వేసి నీళ్లు నిలిపి చూశారు. తెల్లారేసరికి చుక్క లేదు.

"ఇది ముగ్గుపిండి వదినా. మోసుకుపోలేక మనకంటగట్టాడు ఇంజనీరు," అన్నాడు వడ్డికాసులు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. మిగిలిన సగం బస్తాను నాంచారమ్మ తన వసారాలోకి ఈడ్పించి మంచినీళ్ల కుండ పక్కన ఆనించింది. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ పాత కుండ అడుగున చెమ్మ ఊరుతుండేది. ఆ చెమ్మ మెల్లగా బస్తాలోకి దిగింది. నేను ఆబగా తాగాను.

కొన్నాళ్లకు కుట్టు పిగిలి బయటికి పొంగుకొచ్చిన ముద్దను చూసి ఆమె అక్కడే కూర్చుండిపోయింది. వేలితో నొక్కింది. జిగురుజిగురుగా ఉన్నాను. "ఒరే కాసులూ, ఇట్రా. అక్కడ ఇసకలా పడున్నది ఇక్కడ ఇట్టా పొంగిందేంట్రా? ఇది మంచినీళ్లు తాగింది," అంది.

ఫణికుమార్ గారికి ఫోన్ చేశారు. "తప్పు నాదేనమ్మా, ఏ నీళ్లో చెప్పాల్సింది. ముందు మంచినీళ్లు తాగించండి. ఆ తర్వాత ఉప్పు చెమ్మ తగిలినా తట్టుకుంటుంది. ముందే ఉప్పు తగిలితే ఇక ఉబ్బదు," అన్నారాయన. పరిచేసి, కట్టేసిన కాలువకు మళ్లీ నీళ్లు వచ్చేదాకా ఆగుదామంటే, ఆలోగా ఆ మట్టి నేలలోని ఉప్పు చెమ్మే తాగేస్తుందని కూడా చెప్పారు.

చెడిన మూలను పారలతో ఎత్తి గట్టు మీద పోశారు. మిగిలిన బస్తాలన్నీ అడుగున పరిచి, తొక్కి, మట్టి కప్పారు. ఆ తర్వాత ఊరంతా గుంట చుట్టూ నిలబడింది. ఎవరి చంకలో బిందె వాళ్లకుంది. ఎవరూ దిగలేదు.

నాంచారమ్మ దిగింది.

"మళ్లీ ఇంకిపోతే ఏం చేత్తావు వదినా?" అన్నాడు వడ్డికాసులు.

"పోతే పోద్ది. ఇంకో యేడు పడవెక్కుతాను," అంది. బిందె వంచుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. మనుషుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ ఆ నీళ్లు తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె వెనక ఒక్కొక్కరే దిగారు. అలా కొన్ని రోజులు ఇంటికో బిందె తెచ్చి పోశారు. ఆ రోజుల్లో వాళ్లు కొలుచుకుని తాగారు.

కాలువ వచ్చింది, గుంట నిండింది. కాలువ కట్టేశారు, ఎండలు ముదిరాయి. నీళ్లు ఎండకు కాస్త తగ్గాయి తప్ప ఇంకిపోలేదు. నాంచారమ్మ పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. దాని నీడలో కోళ్లు పడుకుంటున్నాయి.

నాలో సగం ఇప్పుడు గుంట అడుగున ఉంది. దాన్ని ఎవరూ చూడలేరు, చూడకపోవడమే మంచిది. గట్టు మీది చెడిన సగం ఉత్త మట్టిలా పడి ఉంది. ఒక సాయంత్రం నాంచారమ్మ బిందె నింపుకుని గట్టు ఇవతలికి వచ్చి కూర్చుంది. కొంగున కట్టుకొచ్చిన సబ్బుముక్క తీసి, చెంబెడు మంచినీళ్లతో మొహం రుద్దుకుంది. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు కదా. ఇప్పుడు రెండు చేతుల నిండా వచ్చింది.

"మంచినీళ్లతో మొహం కడుగుతున్నావా వదినా?" అని నవ్వాడు వడ్డికాసులు.

"ఈ ఒక్కసారికి ఊరుకోరా," అంది, నురగ కేసి చూసుకుంటూ.

ఆ నీళ్లు ఆమె గడ్డం మీదుగా జారి, గట్టు మీదున్న నా మీద పడ్డాయి. ఇక ఉబ్బదన్నారు ఫణికుమార్ గారు. ఆయనకు చెప్పకండి, నేను కాస్త ఉబ్బాను.