గుమ్మం ముందు ఎల్లరాయి

మా నెదర్‌కూమ్ ఊరికి పడమటి ఎల్ల లెమ్ వాగు. ఒకప్పుడది మా ఇంటి వెనక పారేది. పెద్ద వరదకు దారి మార్చుకుని, మా ఇంటికీ చర్చికీ మధ్య పడింది. నేను కదల్లేదు, ఇల్లు కదల్లేదు. అయినా కొత్తగా వచ్చిన పాదిరిగారు నన్ను పక్క ఊరి మనిషిని చేసేశారు. చర్చి ఆవరణలో సమాధులకు చోటు తక్కువ, ఊరివాళ్లకే ఇస్తారు. మా ఆయన జాబెజ్ సమాధి పక్కన నేను ఉంచుకున్న చోటు నాకిక లేనట్టే.

కొన్నేళ్లకోసారి మే నెలలో ఊరంతా విల్లో చెట్టు కొమ్మల బెత్తాలు పట్టుకుని ఎల్ల చుట్టూ నడుస్తాం. ఎల్లరాయి దగ్గర ఎవరో ఒకరిని తలకిందులుగా ఎత్తి, తల రాతికి తాకిస్తారు, ఆ చోటు మరిచిపోకుండా. ఆ ఏడు పాదిరిగారు వాగు కొత్త గట్టు వెంట బయలుదేరబోతే ముసలి ఈనాక్ అడ్డం నిలబడ్డాడు.

"అటు కాదు అయ్యగారూ. చిన్నప్పుడు నా తల కొట్టింది కెజియా వదిన ఇంటి వెనకాల," అని నన్ను చూపించాడు.

"అక్కడ రాయేదీ లేదు కదండీ?"

"రాయి లేకపోతే నాకీ బొప్పి ఎక్కణ్ణించొచ్చింది?"

"ఆ రాయి నా గుమ్మం ముందుంది," అన్నాను. "వరదకి పడిపోతే మా ఆయన మెట్టుకి పనికొస్తుందని తెచ్చేశాడు."

మెట్టు తిరగేస్తే అడుగున ఎల్ల గుర్తుగా చెక్కిన సిలువ కనిపించింది.

"ఎక్కణ్ణించి తెచ్చాడో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు పాదిరిగారు.

ఈనాక్ ఇంటి వెనక ఎండిపోయిన పాత వాగులోకి వెళ్లి, నడుం వంచి, కాళ్ల సందులోంచి చర్చి వైపు చూశాడు. అలాగే పక్కకి జరగసాగాడు.

"నడుం పట్టేస్తే నిన్నెవరు లేపుతారు?" అన్నాను.

"నీ కోసమేగా వంగింది, నువ్వే లేపు. నన్ను తలకిందులుగా ఎత్తిన రోజు చర్చి శిఖరం మీద గాలికి తిరిగే ఆ గాలికోడి బొమ్మ సరిగ్గా కొండల గండిలో కనబడింది. ఇదిగో, ఇక్కడ తవ్వండి."

గడ్డి కింద సుద్దరాళ్లు కూరిన గుంత బయటపడింది. రాయి మోసుకొచ్చి దింపితే అందులో కుదురుగా కూర్చుంది.

"ఇప్పుడెవరి తల?" అన్నారెవరో.

"ఊరికి కొత్త ఎవరో వాళ్లదే," అన్నాడు ఈనాక్.

పాదిరిగారు టోపీ తీసి నా చేతికిచ్చారు. నలుగురు కలిసి ఆయన్ని మెల్లగా తలకిందులు చేశారు.

"గాలికోడి కనబడుతోంది," అన్నారాయన.

"దాని కింద నా చోటు కూడా కనబడుతోందా అయ్యగారూ?"

"జాబెజ్ పక్కనేనమ్మా. ఇక దింపమని చెప్పండి."

ఇప్పుడు నా గుమ్మానికి మెట్టు లేదు. కాలు కాస్త చాపి దిగుతున్నాను.