బొమ్మ మీద మఖమల్

బస్సు డ్రైవరు చేతిలో సిగరెట్ పెట్టె కనపడితే చాలు, ఆయన మనవరాలు ఆమడ దూరం పరిగెత్తేది. పెట్టె మీద కుళ్లిపోయిన నోటి బొమ్మ ఉండేది. "తాతా, నీ నోరు కూడా ఇట్లాగే అవుతుందా?" అని అడిగిందోసారి. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు గానీ, ఆ పూట అన్నం కెలికి వదిలేశాడు.

ఆయన భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. పసిపిల్ల తాత ఒళ్లోకి రావడం మానేసిందని ఆవిడ మనసు చివుక్కుమంది. మిగిలిపోయిన నీలం మఖమల్ ముక్క తీసి, పెట్టెకు అతికినట్టు సరిపోయే కవరు కుట్టింది. అంచుకు జరీ కూడా వేసింది.

"ఇందులో పెట్టుకో. పిల్ల జడుసుకోదు."

పిల్ల మళ్లీ ఒళ్లోకి చేరింది. బస్సు డిపోలో తోటివాళ్లు ఆ కవరు చూసి ముచ్చటపడి, "వదినా, మాకూ ఒకటి" అన్నారు. అడిగినవాళ్లందరికీ కుట్టిచ్చింది. తన చేతిపనిని నలుగురూ మెచ్చుకుంటుంటే ఎవరికి చేదు?

కొన్నాళ్లకు ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. చివరికి ఊపిరితిత్తిలో ఒక ముక్క కోసి తీసేశారు.

"పెట్టె మీద అంత పెద్ద బొమ్మ వేస్తారు కదా, ఎప్పుడూ చూడలేదా?" అంది డాక్టరమ్మ.

"చూడకేమమ్మా. చూసినప్పుడల్లా ఒళ్లు జలదరించి, తీసిన సిగరెట్టు మళ్లీ లోపల పెట్టేసేవాణ్ణి. అట్లా సగానికి సగం తగ్గించాను కూడా. తర్వాత మా ఆవిడ కవరు కుట్టింది. ఆ పనితనం మీరు చూడాలి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు, గొప్పే ఉంది. పక్కన ఫ్లాస్కు మూత తిప్పుతున్న భార్య చేయి ఆగిపోయింది. ఆయన తగ్గించిన సంగతే ఆవిడకు తెలియదు. ఒకే కప్పు కింద ఉంటూ కనిపెట్టలేకపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడే కదిపింది. "చేజేతులా నేనే చేశాను కదయ్యా."

"తాగింది నేను. కవరు తాగిందా?" అని ఆయన నవ్వబోయి, ఊపిరి అందక ఆగిపోయాడు.

మర్నాడు ఆవిడ డిపోకు వెళ్లి, తాను కుట్టిచ్చిన కవర్లు తిరిగి ఇచ్చేయమని అడిగింది. ఇద్దరు ముగ్గురు మారు మాట్లాడకుండా తీసిచ్చారు. డ్రైవరుతో ఏళ్ల తరబడి ఒకే బస్సులో తిరిగిన కండక్టరు మాత్రం జేబు మీద చేయి వేసుకున్నాడు.

"ఇది ఉంటేనే హాయిగా ఉంది వదినా. ఆ దరిద్రపు బొమ్మ రోజూ ఎవడు చూస్తాడు?"

"అందుకే ఇవ్వు, అన్నయ్యా. చూడాలనే."

అతను చాలాసేపు తటపటాయించి, కవరు ఊడదీసి ఇచ్చాడు. బయటపడ్డ పెట్టె వంక ఒక్కసారి చూశాడు. మొహం పక్కకు తిప్పుకుని, తడుముకుంటూ ఒక సిగరెట్టు తీసి వెలిగించాడు. ఆవిడ పొగ తగలకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆయనకు మందు వేసే వేళవుతోందని ఇంటిదారి పట్టింది.